మొదటి సగం

"మండే ప్రతి వస్తువులోనూ అగ్నితత్వం ఉంటుంది. మంటతో పాటు అది బయటికి వెళ్ళిపోతుంది," అంది మంగళ, చేతిలో సుద్దముక్క లేకపోయినా గాల్లో గీతలు గీస్తూ.

కామాటిపురలో, వరసగదుల చాల్‌లో, ఆ ఒంటిగదే ఆమె తరగతి. విద్యార్థిని ఒక్కతే, నాయనమ్మ వజ్రమ్మ. చీర తెర వెనక అక్క యాదమ్మ పురిటిబిడ్డతో పడుకుని ఉంది.

రేపే మునిసిపల్ తెలుగు బడిలో మంగళకు పరీక్ష పాఠం. తప్పితే టీచరు ఉద్యోగం కల్ల. రసాయనశాస్త్రాన్ని దాని చరిత్రతో కలిపి చెప్పాలని శిక్షణ కాలేజీలో శివరాం సార్ పట్టుదల. "పాతకాలపు తప్పును ముందు నిజమని నమ్మించు. తర్వాత తప్పని చూపించు. మొదటి సగం నమ్మనివాళ్ళకి రెండో సగం బుర్రకెక్కదు," అంటాడు. ఇంట్లో ఎవరిమీదైనా ప్రయత్నించి చూడమన్నాడు కూడా.

వజ్రమ్మను నమ్మించడమంటే మాటలా! డాక్టరమ్మకే ఎదురు చెప్పే మనిషి.

"అయితే మంట ఆరితే ఇంకేం ఉండదా?" అంది ముసలమ్మ.

మంగళ ఆనాటి పండితుడిలా ఛాతీ విరిచింది. "ఏం ఉండదవ్వా. అంతా పోయినట్టే. దొడ్డ దొడ్డ సదువులోళ్ళు వందేండ్లు గిదే నమ్మిన్రు. ఇగ అసలు సంగతి విను..."

"నల్లా వచ్చింది!" అని కింద నుంచి కేక. వజ్రమ్మ బిందె చంకనేసుకుని పరుగు తీసింది. "మిగిలింది రేపు జెప్పు బిడ్డా!"

మంగళ ఉసూరుమంది.

మర్నాడు పొద్దున్నే వానలో తడుస్తూ బడికి వెళ్ళింది. మొదటి సగాన్ని పిల్లలు నోళ్ళు తెరుచుకుని నమ్మేశారు. అప్పుడు అసలు సంగతి విప్పింది. "మంట లేకపోయినా బొగ్గు నిప్పులు గాలిని తింటూనే ఉంటాయి. మూసిన గదిలో రంగూ వాసనా లేని విషవాయువు వదులుతాయి. నిద్రపోయేవాళ్ళకి తెలియను కూడా తెలియదు."

వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్న శివరాం సార్ లేచాడు.

"పాసయ్యావమ్మా! ఇంతకీ ఇంట్లో ఎవరైనా నమ్మారా?" అన్నాడు.

"మా అవ్వ నమ్మలేదు సార్. బిందె పట్టుకుని పోయింది."

సార్ పకపకా నవ్వాడు.

ఫోరస్ రోడ్‌లో జిలేబీ పొట్లం కట్టించుకుని, మంగళ చాల్ మెట్లు గబగబా ఎక్కింది. గది తలుపు మూసి ఉంది. గడప బయట వజ్రమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏందవ్వా, తలుపేసినవ్?"

"మెల్లగ మాట్లాడు. వానగాలికి బాలింత వణుకుతుంటే, మంట ఆరినంక కుంపటి లోపల పెట్టిన. కిటికీ సుత మూసిన. నువ్వు జెప్పింది నిజమే బిడ్డా," అంది వజ్రమ్మ మురిసిపోతూ.

మంగళ చేతిలోంచి పొట్లం జారిపోయింది.

"పొద్దటిసంది పిల్ల ఏడ్వనే లేదు."