నిండా పోసిన టీ

తాగుడు మానేవాళ్ళు కూడే ఇంటికోసం మా కొండల్లోని నరీన్ ఊరంతా వెతికి, చివరికి ఒక తలుపు కొట్టాను. తీసింది సైరకుల్ అక్క.

"నువ్వు కూడానా, ఎర్మెక్? నా మొగుడితో తాగిన మొహాలన్నీ నా గుమ్మానికే తగలడుతున్నాయి!"

"మానేద్దామని వచ్చానక్కా."

"చచ్చేదాకా ఆయనా అదే పాట పాడాడు. లోపలికొచ్చి ఏడు!"

లోపల నేలమీద పరిచిన గుడ్డ చుట్టూ కొందరు మగాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు. అక్క నా ముందు గిన్నె పెట్టి, అంచుదాకా టీ పోసింది.

మా వైపు, వచ్చినవాణ్ణి ఉండమనాలంటే సగమే పోస్తారు. నిండా పోశారంటే, తాగి వెళ్ళిపొమ్మని. మెడపట్టి గెంటినట్టే.

ఒళ్ళు మండింది. గుటుక్కున తాగి పోదామని గిన్నె ఎత్తాను. చేతులు వణికాయి. టీ ఒలికి గుడ్డంతా తడిసింది. ఎవరో నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

అక్క గిన్నెలోకి తొంగి చూసింది.

"సగమేగా ఉంది. కూర్చో."

తలదించుకుని కూర్చున్నాను. అప్పుడు కనబడింది. ఆ గుడ్డమీద ప్రతివాడి ముందూ ఒక టీ మరక ఉంది.