నాలుగో పేరు

“నాలుగో పేరు ఎక్కదమ్మా,” అన్నాడు జైలు కౌంటర్‌లోని గుమాస్తా.

“ఎక్కించి చూడండి. నేను వాడి సొంత అక్కని.”

గుమాస్తా మానిటర్‌ను ఆమె వైపు తిప్పాడు.

ములాఖత్‌ల కోసం ఎవరో ఎప్పుడో చేసిపెట్టిన ప్రోగ్రామ్ అది. పైన ఖైదీ వివరాలు. కింద చిన్న పట్టీలో అతన్ని చూడటానికి వచ్చేవాళ్ళ పేర్లు. మూడు గడులూ నిండి ఉన్నాయి. మూడో పేరు పడగానే కింద ఉండాల్సిన ఖాళీ గడి మాయమైపోతుంది. ఆ తర్వాత ఏ మీట నొక్కినా కుయ్‌మంటుందే తప్ప చోటివ్వదు.

“దీన్ని చేసినాయన్ని పిలిపించండి.”

“మానేసి వెళ్ళిపోయాడు. పాస్‌వర్డ్ కూడా వెంటబెట్టుకుపోయాడు.”

ఆమె కౌంటర్ చువ్వలు పట్టుకుని నిలబడిపోయింది. వెనక వరసలో వాళ్ళు సణుగుతున్నారు.

ఆమె ఇక్కడికి రావడం ఇదే మొదలు. ఫ్యాక్టరీలో మాటా మాటా పెరిగి తమ్ముడు తోటి పనివాణ్ణి ఒక్క తోపు తోశాడు. మెట్ల మీద నుంచి పడ్డ ఆ కుర్రవాడు మళ్ళీ లేవలేదు. అత్తవారింట్లో తలెత్తుకోలేక ఆమె కోర్టు గుమ్మం కూడా తొక్కలేదు. అన్నీ అమ్మే చూసుకుంది.

ఇప్పుడు అమ్మ ఆస్పత్రి మంచం మీద ఉంది. ఒక్కసారి వాణ్ణి చూపించు అంటోంది. నాలుగు రోజులు ఇంటికి పంపమనే పెరోల్ అర్జీ వకీలు తీసుకెళ్తే తమ్ముడు సంతకం పెట్టలేదట. ఏ మొహం పెట్టుకుని వస్తానన్నాడట. ఎదురుగా కూర్చుని ఒప్పించడానికి ఇక అక్క తప్ప ఎవరూ మిగల్లేదు.

“ఉన్నవాటిలో ఒకటి తీసేస్తే మీ పేరు పడుతుంది,” అన్నాడు గుమాస్తా.

మొదటి పేరు అమ్మది. ఆవిడ ఊపిరితో ఉండగా ఆ పేరు కొట్టించడానికి ఆమెకు నోరు రాలేదు. రెండోది వకీలుది. ఆయన లేకపోతే అర్జీ కదలదు. మూడో పేరు ఆమె ఎన్నడూ విననిది. చుట్టరికం దగ్గర ‘ఇతరులు’ అని ఉంది.

“ఎవరీయన?”

“అది నేను చెప్పకూడదమ్మా. మీ తమ్ముణ్ణి అడగండి.”

“అడగాలంటే లోపలికి వెళ్ళాలిగా?”

“వెళ్ళాలంటే పేరుండాలి...” అంటూ గుమాస్తా తనే బుర్ర గోక్కున్నాడు. “పోనీ ఆయన్నే అడగండి. అదుగో, వరసలోనే ఉన్నాడు.”

నలిగిన చొక్కా, చేతిలో గొడుగు. గుమాస్తా పిలవగానే ఆ పెద్దాయన ముందుకొచ్చాడు.

“మా తమ్ముడికి మీరేమవుతారు?”

“ఏమీ కానమ్మా.”

“మరి దేనికొస్తారు?”

“ఊరికే. మా అబ్బాయి గురించి మాట్లాడుకుంటాం. వాళ్ళిద్దరూ ఒకచోటే పనిచేసేవాళ్ళు. మావాడికి ఈత వచ్చా అని పోయినసారి అడిగాడు. రాదని చెబుదామని వచ్చాను.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“ఈత కబుర్లకా ఒక గడి ఆపి కూర్చున్నారు? మా అమ్మ అక్కడ చావుబతుకుల్లో ఉంది. నేను తమ్ముడి మొహం చూడలేక ఇక్కడ ఏడుస్తున్నాను. అంత ముచ్చటైతే మీ అబ్బాయితోనే చెప్పుకోండి.”

పెద్దాయన చేతిలో గొడుగు అటూ ఇటూ మార్చుకున్నాడు.

“అమ్మగారికి అంత బాగాలేదా?” అన్నాడు మెల్లగా.

“తీసిన పేరు మళ్ళీ ఏడాది దాకా ఎక్కదు,” అన్నాడు గుమాస్తా. “తొందరపడకండి. ఇద్దరికీ చెబుతున్నాను.”

“తీసెయ్యి బాబూ,” అన్నాడు పెద్దాయన.

కాగితం మీద సంతకం పెడుతూ ఒకసారి ఆగాడు. తర్వాత పూర్తిచేశాడు.

“వేళకి తినమని చెప్పమ్మా మీవాణ్ణి,” అని గేటు వైపు నడిచాడు.

తెర మీద మూడో పేరు పోయింది. ఖాళీ గడి వచ్చింది. ఆమె పేరు పడగానే అదీ మూసుకుపోయింది. గెలిచినంత పనైంది ఆమెకు.

లోపల అద్దానికి అవతల తమ్ముడు కూర్చున్నాడు. సగమైపోయాడు. ఆమెను చూసి ముందు గుర్తుపట్టనట్టే చూశాడు. ఫోన్ తీసి అమ్మ సంగతి చెప్పింది. అర్జీ మాట చెప్పింది. తిట్టింది, బతిమాలింది. చివరికి అతను తలూపాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

అతని చూపు ఆమె వెనకున్న తలుపు మీదే ఉంది.

“పెద్దాయన రాలేదా అక్కా?”

“ఆయన పేరు తీయించి నా పేరు రాయించాను. లేకపోతే నన్ను పంపేలా లేరు.”

తమ్ముడు ఫోన్ కిందపెట్టాడు. కాసేపటికి మళ్ళీ తీశాడు.

“మళ్ళీ ఎప్పుడు రానిస్తారు?”

“ఏడాది దాకా కుదరదట.”

“ఏడాదా?” అన్నాడు. “ఆయన వచ్చిన రోజే నాకు అన్నం సహించేది. ఒక్క మాట అనలేదక్కా నన్ను, ఇన్నాళ్ళలో. నువ్వే రాలేదు. ఆయన మానలేదు.”

ఆమెకు తలకొట్టేసినట్టయింది. “ఏమీ కానన్నాడే? ఇంతకీ ఎవర్రా ఆయన?”

తమ్ముడు అద్దానికి నుదురు ఆనించాడు.

“నా చేతిలో పోయాడే, వాడి నాన్న.”