ఊగే బల్ల

"నాన్నకి పొద్దున బిళ్ళ ఒకటి ఇస్తున్నావా, రెండా? నిజం చెప్పు వదినా," అంది ఆడపడుచు, చెప్పులైనా విప్పకుండా.

వదిన బల్ల మీది కల్వంలో బిళ్ళ నూరడం ఆపలేదు. "ఒకటే. మామయ్యగారు మింగలేకపోతున్నారని నూరి నీళ్ళలో కలిపి పడుతున్నా. వారానికోసారి చుట్టపుచూపుగా వచ్చేదానివి, నన్ను నిలదీస్తావేం?"

"మరి మధ్యాహ్నానికల్లా ఎందుకు తూలిపోతున్నారు?"

ఆడపడుచు మందు పేరు చెప్పి ఫోన్‌లోని ఏఐని అడిగింది. అది మందుకి సంబంధించిన అధికారిక వివరాలు వెతికి చదివింది: "ఈ బిళ్ళను నూరకూడదు. నూరితే రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగాల్సిన మందు ఒక్కసారిగా చేరుతుంది. కళ్ళు తిరగవచ్చు. వెంటనే డాక్టరును అడగండి."

"విన్నావా? చేతులారా విషం పోస్తున్నావు!"

"నీ ఫోను నీ పాటే పాడుతుంది. అచ్చులో చూపించు."

ఆడపడుచు మందు డబ్బా దులిపింది. బిళ్ళల అట్టలే రాలాయి. "లోపలి కాగితమేదీ? పారేశావా?"

వదిన వంగి, బల్లకాలు కిందనుంచి మడత కాగితం లాగి ఆమె ముందు పడేసింది.

"పోయిన నెల మందులు తెచ్చింది నువ్వు. బల్ల ఊగుతోందని నన్ను నానా మాటలూ అని, ఇది మడిచి కాలు కింద తోసిందీ నువ్వే."

ఆడపడుచు మడత విప్పింది. ఫోను చెప్పిన మాటే, నల్లటి అక్షరాల్లో ఉంది. వదిన కూడా చదివింది, మొదటిసారి.

బల్ల ఒరిగింది. జారబోయిన కల్వాన్ని ఇద్దరూ పట్టుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

లోపలి గదిలోంచి పెద్దాయన పిలిచాడు. "మందు నూరడం అయిందా అమ్మా?"