విశ్వసనీయ వర్గాలు

మేయర్ రేసులో ఎవరెవరున్నారో మావారు ప్రతి శనివారం పత్రికలో రాస్తారు. నాలుగు పేర్లూ "విశ్వసనీయ వర్గాల" సమాచారమే. ఈసారి మూడే తేలాయి.

"ఒక పేరు తక్కువైందోయ్. నీకెవరైనా తడుతున్నారా?" అంటూ వంటింట్లోకి వచ్చారు.

విశ్వసనీయ వర్గాలు అప్పుడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాయి.

"అత్తయ్య పేరు రాయండి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. మచ్చలేని మనిషి."

"అమ్మా? గేటు ముందు డ్రైనేజీ పొంగినప్పటి నుంచి ఆవిడ వీధిలో అడుగు పెట్టిందే లేదు!"

"మిగతా ముగ్గురూ వీధుల్లో తెగ తిరిగేస్తున్నారు పాపం."

పత్రికాఫీసు నుంచి మళ్లీ ఫోన్ మోగింది. మావారు రాసేశారు.

శనివారం పాలప్యాకెట్ కన్నా ముందే కార్పొరేషన్ లారీ వచ్చింది. ఎన్ని ఫిర్యాదులిచ్చినా కదలని ఇంజినీరు స్వయంగా నిలబడి పైపు మార్పించాడు, గేటు ముందు కొత్త పలకలు పరిపించాడు. "అమ్మగారూ, రేపు కుర్చీలో కూర్చున్నాక మమ్మల్ని మరిచిపోకండి" అని అత్తయ్యకు నమస్కారం కూడా పెట్టాడు.

సాయంత్రం అత్తయ్య చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చారు. మావారు చెమటలు తుడుచుకుంటూ గేటు దగ్గరే ఉన్నారు.

"అమ్మా, ఇది బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది. వచ్చే వారం నువ్వు రేసు నుంచి తప్పుకున్నావని రాసేస్తాను."

"తొందరేముందిరా?" అన్నారు అత్తయ్య, చెప్పులు విడుస్తూ. "నాలుగో పేరుకి డ్రైనేజీ బాగైంది. వీధి చివర దీపాలు కూడా వెలగడం లేదు. ఈసారి నా పేరు మొదట రాయి."