పేర్లు వినొద్దు

“ఓడమీద కాపలావాళ్ళు పేర్లు చెప్తారు కదా బాబాయ్. మనం కూడా చెప్పాలి కదా?” పడవ ముందు భాగంలో ఓడ ఎక్కే నిచ్చెన పట్టుకుని కూర్చున్న గూలేద్ వెనక్కి తిరిగి అడిగాడు.

“చెవులు మూసుకో. విన్నావంటే చెయ్యి వణుకుతుంది,” బుగ్గలోని మత్తెక్కించే ఖాత్ ఆకు నములుతూ అన్నాడు సమతర్.

ఎయిల్ తీరంలో తుపాకీ పేల్చేముందు ఎవరైనా తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా అరిచి చెప్పాలి. ఇద్దరికీ ఎక్కడో ఒక తాత కలిశాడా, తుపాకులు దిగిపోతాయి. కలవకపోతే, చచ్చినవాడి ఇంటికి ప్రాణానికి పరిహారంగా ఒంటెల్ని ఎవరు తోలాలో తేలుతుంది.

“మనవాడే అయితే?”

“మనవాడు పరాయి ట్రాలర్‌కి కాపలా కాస్తాడా? మన వలలు కోసి, మన చేపలు ఊడ్చుకుపోయేవాళ్ళకి? ఆ సిగ్గులేని వెధవకి తాతలు కూడానా!”

సమతర్ కడుపుమంట ఊరికే వచ్చింది కాదు. ట్రాలర్లు అతని వలను రెండుసార్లు చింపేశాయి. మొరపెట్టుకుంటే, “వాళ్ళకి లైసెన్సుంది, నీకేముంది?” అని ఆఫీసులో నవ్వారు. కడుపు మండినవాళ్ళు తుపాకులు పట్టగానే మాత్రం దేశదేశాల యుద్ధనౌకలు పరుగెత్తుకొచ్చాయి. ఒక్క ట్రాలర్‌నీ పట్టలేదు, వాటి కళ్ళు పేలిపోను! వల లేని ఇంట్లో ఏం తింటారు? ఒక్కగానొక్క కొడుకు లీబాన్ బస్తాలు మొయ్యడానికి బొసాసో రేవుకి పోయాడు. వాడి తల్లి దహబో ఏడుపు ఇంకా ఆగలేదు.

“ఈ ఒక్క ట్రాలర్ చిక్కనీ. విడిపించుకోడానికి వాళ్ళిచ్చే డబ్బుతో వల కొంటా, వాణ్ణి ఇంటికి పిలిపిస్తా. ఇక తుపాకీ ముట్టను, అల్లా మీద ఒట్టు!”

“వాడొస్తే ఇక నన్ను పట్టించుకోవులే.”

“వాడు నీలా పిరికివాడు కాదురా!” సమతర్ పకపకా నవ్వాడు.

ట్రాలర్ దగ్గరైంది. పైన ఎండకి మొహం నిండా గుడ్డ చుట్టుకున్న కాపలావాడు తుపాకీ దించి, చేతులు నోటికి రెండువైపులా పెట్టుకుని అరవసాగాడు. సమతర్ పక్కనే ఇంజను హోరు. అతనికి ఒక్క ముక్కా వినపడలేదు.

ముందున్న గూలేద్ ఒక్కసారిగా లేచాడు. నిచ్చెన వదిలేసి, వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపాడు.

‘ఛీ, విన్నాడు వెధవ!’ అనుకుని సమతర్ గురిచూసి కాల్చాడు. పైనున్నవాడు తలకిందులుగా నీళ్ళలో పడి మునిగిపోయాడు.

ట్రాలర్ భయపడి ఆగింది. సమతర్ పడవ ఇంజను ఆపేశాడు. గూలేద్ కదలకుండా నీళ్ళకేసే చూస్తున్నాడు.

“ఏంరా, మీ చుట్టమా? ఏడవకు, ఒంటెలు నేను తోలిస్తాలే,” సమతర్ వెటకారంగా అన్నాడు. “ఇంతకీ ఎవరి కొడుకంట?”

గూలేద్ అతని వైపు తిరిగాడు.

“తన పేరు తర్వాత నీ పేరే చెప్పాడు, బాబాయ్.”