ఏడింటి భోజనం

"రెండు వారాల్లో మంట తగ్గకపోతే విశాఖపట్నం తీసుకెళ్లండి. పుండు పడిందేమో చూడాలి. పడితే కొయ్యడమే" అన్నాడు డాక్టరు, కొత్త మాత్ర రాస్తూ. "కడుపులో యాసిడ్ ఊరకుండా ఇది ఆపుతుంది. కానీ పాస్టరుగారూ, రాత్రి భోజనం ఏడింటికే అయిపోవాలి."

పక్కనే ఉన్న పాస్టరుగారి భార్య కృపామణి మందు చీటీ అందుకుంది.

ఆ మాత్ర నర్సీపట్నంలో దొరకలేదు. బస్సు కండక్టరుతో యలమంచిలి నుంచి తెప్పించింది.

"మరి ఏడింటికి తినడం?" అని భర్తను అడిగింది.

"చూద్దాంలే. ప్రార్థన కూడిక మధ్యలో పీట వేయించుకోమంటావా?" అన్నాడు జీవానందం.

ఆయన ఆరింటికి సైకిలెక్కితే, సంఘంలో ఎవరింట్లోనో ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి తొమ్మిది.

ఆమె కూరల్లో కారం మానేసింది. చింతపండు మానేసింది. ఆయన రాగానే రెండు కంచాలు పెట్టేది. ఎదురెదురుగా కూర్చుని ఆ చప్పిడి కూరలే తినేవారు. పడుకున్న కాసేపటికి ఆయన రొమ్ము పట్టుకుని లేచి కూర్చునేవాడు.

పది రోజులు గడిచాయి. మంట తగ్గలేదు.

ఆ వారం కూడికలు లోవమ్మ ఇంట్లో. పొద్దున్నే కృపామణి అక్కడికి వెళ్లింది.

"సిగ్గు విడిచి అడుగుతున్నాను లోవమ్మా. అయ్యగారికి ఏడింటికి ఇంత మజ్జిగన్నం పెట్టగలవా?"

లోవమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అదేటమ్మగారూ! రోజూ పెడతన్నాం కదా. డాక్టరు సెప్పారని అయ్యగారే అడిగి తింతన్నారు. పోయినవారం మా ఆడబడుసు ఇంట్లోనూ అంతే. మా ఇంటికాడ పస్తుంచేత్తామనుకున్నారేటి?"

కృపామణి ఇంటికొచ్చి భర్తను నిలదీసింది.

"అక్కడ ఏడింటికి తిని, ఇక్కడ మళ్లీ తొమ్మిదింటికి తింటున్నారా? కోయించుకోవాలనుందా మీకు?"

జీవానందం తల దించుకున్నాడు.

"నేను తినందే నువ్వు తినవు కదే. పొద్దల్లా చాకిరీ చేసి, తొమ్మిదింటిదాకా ఆకలితో కూర్చుంటావు. తినేసొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పిల్లలతోపాటు ఆరున్నరకే కడుపునిండా తినేసి, పాపం ఆయన ఒక్కడూ తినాల్సొస్తుందని రోజూ తొమ్మిదింటికి మళ్లీ కంచం ముందు కూర్చుంటున్న కృపామణి ఆ రాత్రి కంచాలు తియ్యలేదు.