పక్క మంచం భాష

"టిమ అంటే సూది, తమ్ముడూ," అంది పక్క మంచం మీది పద్మక్క. "టిమటిమ అంటే సూదులు. ఎక్కువని సెప్పాలంటే మాటని రెండుసార్లు అనడమే."

డయాలిసిస్‌కి నాకదే మొదటి రోజు. మా ఉద్దానంలో కిడ్నీలు పాడైనవాళ్లకి ఆ గదే దిక్కు. నాలుగ్గంటలు కదలకుండా పడుకోవాలి. సూదులు చూడకుండా కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఇదేటి బాస? ఎవలు కనిపెట్టినారు?" అన్నాను.

"నేనే," అంది.

వారానికి మూడుసార్లు పక్కపక్కనే పడుకుని ఆ భాష నేర్చుకున్నాను. మా మాటలు నర్సుకి అర్థమయ్యేవి కావు. బుయి అంటే గుక్కెడు నీళ్లు. మాలాంటివాళ్లు నీళ్లు కొలిచి తాగాలి కదా, బుయిబుయి మాత్రం మనకి ఈ జన్మకి లేదని పద్మక్క నవ్వేది.

ఈ సోమవారం నేను వెళ్లేసరికి పద్మక్క మంచం మీద దుప్పటి మార్చేశారు. టెక్కలి నుంచి వచ్చిన ఒకాయన్ని పడుకోబెట్టారు. సూది చూడగానే ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

"టిమ," అన్నాను. "రెండు గుచ్చుతారు కాబట్టి టిమటిమ."

భాష సంగతి చెప్పాక ఆయన కొంచెం నవ్వాడు. "బాగున్నాది బావా. ఎవలు కనిపెట్టినారు?"

పద్మక్క పేరు నోటిదాకా వచ్చింది. చెబితే, ఆవిడిప్పుడు ఎక్కడున్నాదని అడుగుతాడు. ఆయన పడుకున్నది ఆవిడ మంచం మీదే.

"నేనే," అన్నాను.

అన్నాకే తట్టింది. నేను రాకముందు నా మంచం మీద ఎవరుండేవారో పద్మక్క ఒక్కనాడూ చెప్పలేదు.